తొమ్మిది గంటలకు ఆగిపోయే పెట్టె

2022 వానాకాలం. గుడివాడలో, ఒక టైర్ల కొట్టుకూ ఒక పెళ్లికార్డుల ప్రెస్సుకూ మధ్య మా సంస్థ ప్రధాన కార్యాలయం ఉండేది. శాఖా కార్యాలయాలేవీ లేవు గనుక ఉన్న ఒక్క గదినీ ప్రధానం అనక తప్పదు. గది వైశాల్యం గురించి చెప్పాలంటే, నేను సోల్డరింగ్ చేస్తున్నంతసేపూ నా భాగస్వామి ఊపిరి పీల్చుకోవడానికి వీధిలోకి వెళ్లొచ్చేవారు. ఆయన తుమ్మితే పక్క ప్రెస్సులో వధువు పేరు ఒక కార్డులోంచి ఇంకో కార్డులోకి దూకేదని ప్రెస్సువాళ్ల ఫిర్యాదు.

మేం తయారుచేసేవి రొయ్యల చెరువులకు కంట్రోలర్ పెట్టెలు. ఈ పని తెలియనివారి కోసం రెండు ముక్కలు. దివిసీమ వైపు వెళ్తే చెరువుల్లో తెడ్ల చక్రాలు గిరగిరా తిరుగుతూ నురగ లేపడం కనిపిస్తుంది. వాటిని ఏరేటర్లంటారు. నీళ్లలో గాలి కలపడం వాటి పని. ఎండ కాసే రోజున చెరువు తనక్కావలసిన గాలి కొంత తానే సంపాదించుకుంటుంది. ముసురు పట్టిందంటే మాత్రం ఏరేటర్లు పగలూ రాత్రీ తిరగాల్సిందే. అవి ఆగిపోతే కాసేపటికి రొయ్యలు గాలి కోసం పైకి తేలతాయి. ఆ క్షణాన గట్టు మీద ఉన్న రైతు మొహం చూడటం కంటే ఉప్పుటేరుకు ఎదురీదడం సులువు. ఏరేటర్లను వంతులవారీగా తిప్పడం, మోటార్లు కాలిపోకుండా మధ్యమధ్య విశ్రాంతి ఇవ్వడం, కరెంటు రాగానే అన్నీ ఒక్కసారే లేవకుండా ఒకదాని తర్వాత ఒకటి లేపడం, ఇవీ మా పెట్టె బాధ్యతలు.

పెట్టె లోపల మైక్రోకంట్రోలర్ అనే చిప్ ఉంటుంది. చింతగింజంత కంప్యూటర్ అనుకోండి. తెర లేదు, కీబోర్డు లేదు, గర్వం లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసుకుంటూ చీకట్లో కూర్చుంటుంది.

మా ఇద్దరి పని విభజన స్పష్టం. వైర్లు, మోటార్లను వేసి ఆపే రిలేలు, బురద నావి. ప్రోగ్రాం సుబ్రహ్మణ్యం మాస్టారిది. ఆయన పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు సి లాంగ్వేజ్ పాఠం చెప్పి రిటైరయ్యారు. సి అంటే యంత్రానికి బాగా దగ్గరగా వెళ్లి దాని చెవిలో మాట్లాడే ప్రోగ్రామింగ్ భాష. ఇలాంటి చిన్న చిప్‌లకు ఇప్పటికీ అదే దిక్కు. ఇక మాస్టారి కంఠం. గుడివాడలో ఆయన గొంతు సవరించుకుంటే పామర్రులో పిల్లలు హోంవర్కు మొదలుపెట్టేవారు. ఆయన రాసిన ప్రోగ్రాంలో తప్పుందని అనదలచినవాడు ముందుగా ఇంట్లోవాళ్లకు ఒక మాట చెప్పి రావడం మంచిది.

ఆ ముసురుల్లో ఒకరోజు నాగాయలంక అవతల నుంచి విజయరత్నం గారు ఫోన్ చేశారు. అప్పటికి ఆయన చెరువు మీద మా పెట్టె పెట్టి ఏడాది దాటింది. ఆయన వాళ్ల ఊరి చర్చిలో పెద్ద. లెక్కగా మాట్లాడే మనిషి, అబద్ధం ఆడడు, అబద్ధం ఆడేవాణ్ణి భరించడు.

"మీ పెట్టె మీద కంప్లయింటు కాదండీ ఇంజనీరు గారూ. దానికో తాళం బిగించాలి. మా నాంచారయ్య చెయ్యి పెట్టకుండా."

నాంచారయ్య ఆయన చెరువు మీద కాపలా మనిషి. భార్య సామ్రాజ్యంతో గట్టు మీదే పాకలో ఉంటాడు. జరిగింది రత్నం గారు వివరంగా చెప్పారు. ఆ వారంలో రెండుసార్లు ఆయన మధ్యాహ్నంపూట చెరువు దగ్గరికి వచ్చేసరికి ఏరేటర్లన్నీ నిలిచిపోయి ఉన్నాయి. నాంచారయ్య పాకలో పడుకుని నిద్రపోతున్నాడు. కేకేస్తే లేచి వచ్చి, పెట్టె స్విచ్ ఒకసారి తీసి వేశాడు. అన్నీ తిరిగాయి. యంత్రం బాగానే ఉంది, మనిషే బాగాలేడు. చప్పుడుకు నిద్ర పట్టక ఆపేసుకుంటున్నాడు. ఈ సంగతి మేత కొట్టు దగ్గర నలుగురు రైతుల ముందూ అనేశారట. శనివారం నాటికి వేరే మనిషిని చూసుకుని ఇతన్ని పంపించేస్తానని కూడా చెప్పారు.

చెరువుల లోకంలో "గట్టు మీద నిద్రపోతాడు" అన్న మాట ఎంత బరువైనదో బయటివాళ్లకు తెలియదు. ఆ పేరు పడ్డవాడిని నాగాయలంక నుంచి కోడూరు దాకా, చెరువు సంగతి అటుంచి, చలివేంద్రంలో కుండకు కూడా కాపలా పెట్టరు. నాంచారయ్యకు యాభై దాటాయి. మీసం రాకముందు నుంచీ చెరువుల మీదే బతుకు.

గురువారం నాడు నేను తాళం కొనుక్కుని స్కూటర్ మీద బయలుదేరాను. నా స్కూటర్ వయసులో నాకన్నా చిన్నదే గానీ అనుభవంలో పెద్దది. పామర్రు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, ప్రతిచోటా ఒకసారి ఆగి ఆలోచించుకుంది. నేను చెరువు చేరేసరికి నా చొక్కాలో ఉన్న వాననీటితో ఒక మడి నాట్లు వేయొచ్చు.

నాంచారయ్య నా చేతిలో తాళం చూశాడు. సన్నగా, పొడుగ్గా, చెరువులో పాతిన వెదురుగడలా ఉన్నాడు.

"పెట్టండి ఇంజనీరుగారూ. చెవి కూడా మీరే పట్టుకుపోండి. అప్పుడూ ఆగితే, ఆపింది నేను కాదని అయినా తెలుస్తది."

"మధ్యాహ్నం నిద్రపోతావంటగా," అన్నాను.

జవాబు పాకలోంచి వచ్చింది. సామ్రాజ్యం గుమ్మంలో నిలబడి చేట చెరుగుతూ, "పోతాడండీ, ఎందుకు పోడు? పగలు పోకపోతే ఎప్పుడు పోవాలి? రాత్రిపూట మీ పెట్టె మూగనోము పడితే లేచి దాన్ని పలకరించేది ఎవరు, మీరా?" అంది.

నేను చెవులు రిక్కించాను. రాత్రి కూడా ఆగుతోందా అని అడిగాను.

"ఆగుద్దండీ," అన్నాడు నాంచారయ్య, అదేదో వాన పడుద్దండీ అన్నంత మామూలుగా. "రాత్రిళ్లు చప్పుడు పోతే నాకు మెలకువ వచ్చేస్తది, పగలే ఒక్కోసారి ఒళ్లు తెలీదు. లేచి స్విచ్ తీసి ఏస్తా, మళ్లీ తిరుగుద్ది. మోటార్లకు రెస్టు ఇస్తదని మీరే చెప్పారు గదా, పెట్టెక్కూడా రెస్టు కావాలేమోనని ఊరుకున్నా."

లోకంలో అందరూ చప్పుడుకు లేస్తారు. ఈయన నిశ్శబ్దానికి లేస్తున్నాడు. రోజూ రాత్రి లేచి చెరువును కాపాడినవాడికి, ఆ కారణంగా పగలు కునుకు తీసినందుకు నిద్రమొహం అని పేరు పడింది. ఈ సంగతి ఆయన రత్నం గారికి చెప్పలేదు. రత్నం గారు అడిగింది ఎందుకు ఆపావని, నాంచారయ్య ఆపలేదని చెప్పాడు. అంతటితో మాటలైపోయాయి.

తాళం సంచిలోనే ఉంచి, రత్నం గారిని ఒక్కరోజు అడిగాను. రేపు పొద్దుటి నుంచి పెట్టె ఎదురుగా కూర్చుందాం, మీరూ నేనూ, నాంచారయ్యనూ మన కళ్ల ముందే ఉంచుదాం అన్నాను. ఆయన న్యాయం తెలిసిన మనిషి కాబట్టి ఒప్పుకున్నారు. ఆ రాత్రి అవనిగడ్డ లాడ్జీలో దోమలు నన్ను మంచంతో సహా ఎత్తి కిటికీ దాకా మోసుకెళ్లాయి. కిటికీకి గ్రిల్ ఉండబట్టి ఈ వ్యాసం రాయగలుగుతున్నాను.

నాంచారయ్య రోజూ తెల్లవారగానే ఏరేటర్లన్నీ ఆపి, తెడ్లకు చుట్టుకున్న నాచు లాగేసి, ఆరు గంటలకు మళ్లీ స్విచ్ వేస్తాడు. శుక్రవారం ఆ స్విచ్ రత్నం గారి చేత వేయించాను. అక్కణ్ణుంచి మోటారు షెడ్డు ముందు మూడు ప్లాస్టిక్ కుర్చీలు. నాంచారయ్య కుర్చీని షెడ్డుకు దూరంగా వేయించాం. ఆయన దాంట్లో కూర్చోకుండా కింద కూర్చుని, మేత పెట్టే చెక్ ట్రేలు ముందేసుకుని పాకుడు గీకడం మొదలుపెట్టాడు. రత్నం గారు పేపరు తెరిచారు. వార్తలు అయ్యాయి, సంపాదకీయం అయింది, టెండర్ నోటీసులు అయ్యాయి, చివరికి ఎవరిదో తప్పిపోయిన గేదె ప్రకటన కూడా రెండుసార్లు చదివి నాకు వినిపించారు. ఏరేటర్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. పెట్టె తన విశ్రాంతులు తాను సక్రమంగా ఇస్తూ, ఇంత బుద్ధిమంతురాలిని మీరెక్కడా చూసి ఉండరన్నట్టు పచ్చలైటు వెలిగించుకుని కూర్చుంది.

మధ్యాహ్నం సామ్రాజ్యం అన్నం పెట్టింది. గోంగూరలో ఎండు రొయ్యలు. ఆ కూర గురించి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది, వదిలేస్తున్నాను.

తిన్నాక రత్నం గారు నా వైపు చూసే చూపు మారింది. "మనం చూస్తుంటే ఆగట్లేదు, చూశారా," అన్నారు మెల్లగా. నాంచారయ్య ట్రే గీకుతూనే ఉన్నాడు. రేపు శనివారం.

మూడు దాటి కొద్ది నిమిషాలైంది. షెడ్డులో టకటకమని రిలేలు విడిపోయాయి. పచ్చలైటు పోయి ఎర్రలైటు వచ్చింది. తెడ్లు ఒకదాని వెనక ఒకటి నెమ్మదించి, నిలబడిపోయాయి. చెరువు మీద నురగ కరిగిపోయింది. అంత పెద్ద నిశ్శబ్దం నేను ముందెప్పుడూ వినలేదు; దూరాన సముద్రం కూడా ఏమైందని ఆగి చూసినట్టనిపించింది.

రత్నం గారూ నేనూ ఒకేసారి నాంచారయ్య చేతుల వైపు చూశాం. మోచేతుల దాకా పాకుడు. ఒక చేతిలో ట్రే, ఇంకో చేతిలో గీకే చిప్ప.

"అయ్యగారూ, ముందు స్విచ్ ఏయండి. మబ్బుగా ఉంది," అన్నాడు.

"నేను చెప్పలేదా" అనలేదు. "చూశారా" అనలేదు. ముందు స్విచ్ అన్నాడు. రత్నం గారు వెళ్లి తీసి వేశారు. తెడ్లు మళ్లీ లేచాయి.

నేను లెక్క వేసుకున్నాను. పొద్దున ఆరుకు వేశాం, మూడు దాటాక ఆగింది. మధ్యాహ్నం మళ్లీ వేస్తే రాత్రి పన్నెండు దాటాక ఆగుతోందని నాంచారయ్య చెప్పాడు. అంటే వేసిన తొమ్మిది గంటల చిల్లరకి ఆగుతోంది. తొమ్మిది గంటల ఆరు నిమిషాలను సెకన్లలోకి మారిస్తే ముప్పై రెండు వేల ఏడు వందల అరవై. ఫోన్ తెర మీద ఆ అంకె చూడగానే మళ్లీ ఒకసారి లెక్క కట్టాను. మా వృత్తిలో ఉన్నవాడెవడైనా కడతాడు. ఎందుకంటే ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఏడు అనేది మాకు ఇరుగుపొరుగు మనిషిలా తెలిసిన సంఖ్య. పదహారు బిట్లలో పట్టే అతి పెద్ద పూర్ణాంకం అది. బిట్ అంటే సున్నానో ఒకటో పట్టే ఒక గడి. అలాంటివి పదహారు గళ్లుంటే, ప్లస్సో మైనస్సో గుర్తుకు ఒకటి పోను, అక్కడి దాకానే లెక్క. ఆపైన ఇంకొక్కటి కలిపితే మీటరు గిర్రున తిరిగి సున్నాకు కూడా కాదు, మైనస్ ముప్పై రెండు వేల చిల్లరకు పడిపోతుంది.

పోయిన నెలలో ఇక్కడ ఏమైనా మార్చారా అని రత్నం గారిని అడిగాను. ఇన్వర్టరు పెట్టించామన్నారు. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు పెట్టె ఆరిపోకుండా. అంతకుముందు పోయినప్పుడల్లా పెట్టె ఆరి, మళ్లీ వెలిగి, సున్నా నుంచి లెక్క మొదలుపెట్టుకునేది. దివిసీమలో ఏ కాలంలోనైనా కరెంటు తొమ్మిది గంటలు ఆగకుండా ఉన్న రోజును చూసినవాళ్లు అరుదు. ఏడాది పాటు కరెంటు కోతలే మా పెట్టె పరువు కాపాడుతూ వచ్చాయి. రత్నం గారు శ్రద్ధగా ఖర్చు పెట్టి ఆ కాపలా తీసేశారు.

మాస్టారికి ఫోన్ చేశాను. గట్టు మీద నుంచే, స్పీకర్ పెట్టి. స్పీకర్ అవసరం లేదు నిజానికి.

"మాస్టారూ, సెకన్ల లెక్క దేంట్లో పెట్టారు?"

"ఇంట్‌లో పెట్టాను. ఇంకెక్కడ పెడతారయ్యా, ఇత్తడి బిందెలోనా?"

ఇంట్ అంటే సి భాషలో పూర్ణాంకాలను దాచుకునే మామూలు రకం. అది నిండిపోయిందన్నాను. ఆయన నవ్విన నవ్వుకు కొంగలు లేచాయి. ఇంట్‌లో రెండు వందల కోట్ల పైచిలుకు పడుతుందని, సెకన్ల లెక్కన అది అరవై ఎనిమిదేళ్లని, ప్రోగ్రామును తన ల్యాప్‌టాప్‌లో వేగంగా తిప్పి ఏడాది కాలం ఒక్క సాయంత్రంలో నడిపి చూశానని, ఒక్కసారి కూడా ఆగలేదని చెప్పారు.

"అది ల్యాప్‌టాప్ మాస్టారూ. ఇది చింతగింజ."

"ప్రోగ్రాం ఒకటే కదయ్యా. అక్కడ నడిచింది ఇక్కడెందుకు నడవదు? వైరు లూజై ఉంటుంది. లేదా ఎవడో చెయ్యి పెట్టి ఉంటాడు."

ఆ ఆఖరి మాట గట్టు మీద అందరికీ వినబడింది. రత్నం గారు నాతో, ఈరోజు ఆగడం కళ్లారా చూశాను సరే, కానీ మొన్నటివి కూడా పెట్టె వల్లేనని పెట్టె చేసినవాళ్లే ఒప్పుకోకపోతే నేనేం అనుకోవాలి అన్నారు. తప్పు మాట కాదు. నాంచారయ్య ట్రేలు కడిగి బోర్లించి, రేపు పాక ఖాళీ చేయాలా వద్దా అన్నది మాత్రం పొద్దున్నే చెప్పండి అయ్యగారూ, బండి మాట్లాడుకోవాలి అని వెళ్లిపోయాడు. నేను మాస్టారికి మళ్లీ ఫోన్ చేసి, ఇక్కడ ఒక మనిషి పని పోయేట్టుంది, మీరు రావాలి అన్నాను. మొదటి బస్సుకు వస్తానన్నారు.

శనివారం పొద్దున మాస్టారు దిగారు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. ల్యాప్‌టాప్‌ను పసిబిడ్డలా టవల్లో చుట్టి, దాని మీద ప్లాస్టిక్ సంచి, దాని మీద ఇంకో సంచి. షెడ్డులో ఖాళీ మేత బస్తాల మీద కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక్క లైను ప్రోగ్రాం రాశారు. నీ దగ్గర ఇంట్ సైజు ఎంత అని యంత్రాన్నే అడిగే లైను. ముందు ల్యాప్‌టాప్‌ను అడిగారు. నాలుగు బైట్లు అంది, అంటే ముప్పై రెండు బిట్లు. అదే లైనును మార్చకుండా పెట్టెలోని చిప్‌కి ఎక్కించారు. అది రెండు బైట్లు అంది. పదహారు బిట్లు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడిచారు. మళ్లీ పెట్టుకుని చూశారు. చిప్ మాట మార్చలేదు.

"ఇంట్ సైజు యంత్రాన్ని బట్టి మారుతుంది," అన్నారు, ఆ కంఠంలోంచి అంత చిన్న శబ్దం కూడా వస్తుందని నాకప్పుడే తెలిసింది. "ముప్పై ఏళ్లు చెప్పానయ్యా. ప్రతి ఏడూ పరీక్షలో ఇచ్చేవాణ్ణి. రెండు మార్కుల ప్రశ్న. రాయనివాడికి సున్నా వేసేవాణ్ణి."

రత్నం గారికి అర్థం కాలేదు. రెండింటికీ ఒకే పేరున్నప్పుడు సైజు ఎలా మారుతుందన్నారు. నేను మాస్టారు కూర్చున్న బస్తాలే చూపించాను. ధాన్యం వాడు బస్తా అంటే డెబ్బై ఐదు కిలోలు. సిమెంటు వాడు బస్తా అంటే యాభై. మీ మేత బస్తా ఇరవై ఐదు. "ఒక బస్తా తీసుకురా" అని కాగితం రాసిస్తే ఎవరి కొట్టుకు వెళ్తే వాళ్ల బస్తా ఇస్తారు. సి భాషను తయారుచేసినవాళ్లు ఇంట్‌కు ఇంత అని కొలత కట్టలేదు. కనీసం పదహారు బిట్లుండాలి, ఆపైన ఆ యంత్రానికి ఏది సుఖమో అది అని వదిలేశారు. దీన్నే ప్లాట్‌ఫాం మీద ఆధారపడే రకం అంటాం. మాస్టారు ధాన్యం కొట్టులో తూచి చూసి, మేత కొట్టుకు చీటీ పంపారు.

"అయితే నిండిపోతే నిండిపోయింది, ఏరేటర్లెందుకు ఆగాయి?" అన్నారు రత్నం గారు. ఆయన బుర్ర చురుకైనది.

దీనికి జవాబు మాస్టారే చెప్పారు. కాలం ఎప్పుడూ సున్నా కంటే తక్కువ ఉండదు కాబట్టి, ఎప్పుడైనా మైనస్ కనిపిస్తే ఏదో ఘోరం జరిగిందని అర్థం, అప్పుడు క్షేమం కోసం మోటార్లన్నీ ఆపేసి ఎర్రలైటు వెయ్యి అని ప్రోగ్రాంలో రాశారట. జాగ్రత్త కోసం పెట్టిన ఆ ఒక్క లైనే తొమ్మిది గంటలకొకసారి చెరువు పీక నొక్కింది. మరి గుడివాడలో పరీక్షించినప్పుడు ఎందుకు దొరకలేదంటే, మాస్టారికి ఒక నియమం ఉంది. గదిలో ఎవరూ లేనప్పుడు మెయిన్ స్విచ్ వేసి ఉండకూడదు. మధ్యాహ్నం ఇద్దరం భోజనానికి వెళ్లేటప్పుడు ఆయనే స్వయంగా మెయిన్ దించి, మూడుసార్లు చూసి, తాళం వేసేవారు. మా గదిలో ఏ పెట్టె కూడా పూటకు మించి ఆగకుండా బతకలేదు.

మాస్టారు లేచి గట్టు మీదికి వెళ్లారు. నాంచారయ్య అక్కడ తట్టాబుట్టా సర్ది ఉంచాడు, బండి ఇంకా చెప్పలేదు. మాస్టారు ఆయన ముందు నిలబడి, "నిన్న ఫోన్లో ఎవడో చెయ్యి పెట్టాడన్నాను. ఆ చెయ్యి నాది. నేను రాసినదే ఆపింది, మొన్నా, అటు మొన్నా, ప్రతిసారీ," అన్నారు. రత్నం గారు పక్కనే ఉన్నారు. నాంచారయ్య ఏం చేయాలో తెలియక, "అయ్యో, ఎండలో నిలబడ్డారు, కూర్చోండి," అన్నాడు. ఎండ లేదు. ముసురే.

బాగుచేయడం పెద్ద పని కాదు గానీ, దాంట్లోనూ ఒక మెలిక ఉంది. మాస్టారు ముందు ఇంట్ తీసేసి లాంగ్ పెడదామన్నారు. లాంగ్ అంటే ఇంకాస్త పెద్ద రకం. దాని కథా అంతేనని గుర్తుచేశాను. ఒకచోట ముప్పై రెండు, ఇంకోచోట అరవై నాలుగు. రేపు చిప్ మారిస్తే మళ్లీ ఎవరి గట్టు మీదో నిలబడాలి. అందుకని కొలత పేరులోనే రాసి ఉండే రకం వాడాం. ముప్పై రెండు బిట్లు అని నోటితో చెప్పించుకునే రకం, ఏ యంత్రంలోనైనా అంతే. అంతటితో అయిపోలేదు. ఇంకో లైనులో గంటలను మూడు వేల ఆరు వందలతో గుణించి పెద్దదాంట్లో వేస్తున్నాం. దాచుకునే చోటు పెద్దదే, కానీ గుణకారం మాత్రం చిన్న ఇంట్‌లోనే జరుగుతోంది. పది గంటలని పెడితే పోసేలోపే ఒలికిపోతుంది. అదీ సరిచేశాం. రత్నం గారి పెట్టెను ఆ పగలూ రాత్రీ ఆపకుండా తిప్పాం. తొమ్మిది గంటలు దాటాయి, పది దాటాయి, పచ్చలైటు పోలేదు. ఆ తర్వాత వారం రోజులు నేనూ మాస్టారూ ఒకే స్కూటర్ మీద కోడూరు, నాగాయలంక వైపు మా పెట్టెలున్న ప్రతి చెరువుకూ తిరిగి ప్రోగ్రాం మార్చుకొచ్చాం. అక్కడ ఎవరికీ ఫిర్యాదు లేదు. కరెంటు పోతూనే ఉంది మరి.

నాంచారయ్య పని పోలేదు. కానీ మేత కొట్టు దగ్గర పడిన పేరు అలాగే ఉందని నేను గమనించలేదు. ఆయన గమనించాడు.

వర్షాలు తగ్గాక ఆ చెరువు పట్టుబడికి, అంటే పెరిగిన రొయ్యలు పట్టి అమ్మే రోజుకు, వచ్చింది. నన్నూ మాస్టారినీ రత్నం గారు పిలిచారు. గట్టు మీద చుట్టుపక్కల రైతులంతా ఉన్నారు, ఐసు పెట్టెల బండి వచ్చి ఉంది. రొయ్య సైజు చూడటానికి ముందుగా ఒక విసురువల వేస్తారు. తన చెరువులో ఆ మొదటి వల ఎప్పుడూ రత్నం గారే వేస్తారట. ఆ రోజు ఆయన వల మడిచి తెచ్చి నాంచారయ్య చేతికిచ్చారు. అది ఎంత గౌరవమో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు.

నాంచారయ్య తీసుకోలేదు.

"వల తర్వాత వేస్తానండీ. ముందు ఆ మాట."

"ఏ మాట?"

"మేత కొట్టు కాడ మీరన్న మాట. అప్పుడు విన్నోళ్లందరూ ఇప్పుడు ఇక్కడే ఉన్నారు."

సామ్రాజ్యం గిన్నెలు కడగడం ఆపింది. రత్నం గారి మొహం ఒక్క క్షణం బిగుసుకుని, వదులైంది. గట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి వినబడేలా చెప్పారు.

"మా నాంచారయ్య నిద్రపోతాడని నేనన్నాను. నా మాట తప్పు. నేను ఇంట్లో పడుకున్న రాత్రుళ్లు ఈయన లేచి నా చెరువు నిలబెట్టాడు. ఎవరికైనా మనిషి కావాలంటే వచ్చి నన్నడగండి, కానీ పంపను."

నాంచారయ్య వల అందుకున్నాడు. భుజం మీద ఒక మడత, మోచేతి మీద ఒక మడత, అంచు పళ్ల మధ్య. విసిరితే వల గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడింది. పైకి లాగాక రొయ్య సైజు ఎంతుందో నేను చెప్తే మీరు ఎలాగూ నమ్మరు.

ఆ తర్వాత మేం చేసిన ఏ ప్రోగ్రాంలోనూ ఇంట్ అని ఊరికే రాయలేదు, ఎన్ని బిట్లో పేరుతో సహా రాశాం. అది చిన్న పాఠం. ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. నాకు పనికొచ్చిన పెద్ద పాఠం ఇంకొకటి. యంత్రం ఆగినప్పుడు దాన్ని ప్రశ్నించలేం కాబట్టి, దాని పక్కనున్న మనిషిని ప్రశ్నిస్తాం. అది మన అలవాటు. ఇప్పటికీ నాకు నెలకొకటైనా ఫోన్ వస్తుంది, మా వాడే ఏదో కెలికాడండీ అని. ఎవరు కెలికారని నేను అడగను. స్విచ్ వేసిన ఎంతసేపటికి ఆగిందండీ అని అడుగుతాను. ఆ జవాబు వచ్చేదాకా ఎవరినీ పంపించొద్దని చెప్తాను.